దవడలో మూడు స్క్రూలు: మా ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మా తమ్ముడు ఓరల్ సర్జరీలో పీజీ చేస్తున్నాడు, నేను గుంటూరు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ చూసుకుంటాను. వాడి డిసర్టేషన్ టాపిక్ ఖాయమైంది: దవడ సరిచేసే ఆపరేషన్‌లో ఎముక ముక్కల్ని పట్టి ఉంచే స్క్రూలను ఏ అమరికలో వేస్తే గట్టిగా నిలుస్తాయి. "అక్కా, మీ ల్యాబ్‌లో లాగి విరగ్గొట్టే మెషిన్ ఉందిగా" అంటూ ఫోన్ చేశాడు. అలా నేనూ ఇందులోకి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాసుకుంటూ పోతే వాడి థీసిస్‌కీ పనికొస్తుంది, ఇలాంటి టెస్టింగ్ పెట్టుకునే వేరే పీజీలకీ పనికొస్తుందని ఈ డైరీ మొదలుపెట్టాను.

ఆపరేషన్ సంగతి క్లుప్తంగా చెప్తాను. కింది దవడ బాగా వెనక్కి ఉన్నవాళ్ళకీ, బాగా ముందుకు వచ్చినవాళ్ళకీ, దవడ వెనక భాగంలో ఎముకను అడ్డంగా కోసేయకుండా దాని మందం వెంట రెండు పలకలుగా చీలుస్తారు. బయటి పలక చెవి దగ్గర కీలుతో ఉండిపోతుంది, లోపలి పలక పళ్ళతో సహా ముందుకో వెనక్కో జరుగుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, జరిపాక కూడా ఎముకకు ఎముక తగులుతూనే ఉంటుంది, అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది. సాజిటల్ స్ప్లిట్ అంటారు. ట్రౌనర్, ఒబ్వెగేసర్ 1957లో ఇంగ్లిష్‌లో ప్రచురించాక ఇది ప్రపంచమంతా తెలిసింది. 1961లో డాల్ పాంట్ బయటి వైపు కోతను ఇంకాస్త ముందుకు, మోలార్ పళ్ళ (వెనక నమిలే పళ్ళ) దాకా తెచ్చాడు, దాంతో రెండు పలకలూ కలిసే వైశాల్యం పెరిగింది. అప్పట్లో వైర్లతో కట్టి, పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి బిగించి, దాదాపు ఆరు వారాలు నోరు తెరవనిచ్చేవాళ్ళు కాదు. 1974లో స్పీసల్ స్క్రూలతో బిగించే పద్ధతి తెచ్చాకే పేషెంట్ నోరు తెరిచి మాట్లాడుకోగలిగే పరిస్థితి వచ్చింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి 2.0 మి.మీ. టైటానియం స్క్రూలు. రెండు పలకల గట్టి పొరల్నీ పట్టుకుంటే బైకార్టికల్, ఒక్క పొరనే పట్టుకుంటే మోనోకార్టికల్. మోనోకార్టికల్ స్క్రూలకు మినీప్లేట్ (రంధ్రాలున్న చిన్న లోహపు పట్టీ) తోడుండాలి. మా పోలిక మొదట మూడు బైకార్టికల్ స్క్రూలు ఒకే వరసలో వేస్తే ఎలా, తలకిందుల ఎల్ ఆకారంలో (పైన రెండు, వెనక కింద ఒకటి) వేస్తే ఎలా అన్నది. ప్లేట్ సంగతి తర్వాత.

జూన్, రెండో వారం

మా ల్యాబ్‌లోని యూటీఎం (లాగి, నొక్కి బలం చూసే యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్) 400 కిలోన్యూటన్లది. ఇనుప కడ్డీలు తెంపడానికి బంగారం లాంటి మెషిన్. మనకు కావలసింది మాత్రం 50, 100, ఇంకా పోతే 300 న్యూటన్లు. ఆ పెద్ద మెషిన్‌లో అంత చిన్న లోడ్ పెడితే వచ్చే రీడింగ్‌ను నమ్మలేం, ఆయిల్ సీలు రాపిడే అంతో ఇంతో ఉంటుంది. ఈ ముక్క తమ్ముడికి చెప్తే ముఖం వేలాడేశాడు.

ప్లాస్టిక్కులు టెస్ట్ చేసే ల్యాబుల్లో మోటారుతో నడిచే చిన్న మెషిన్లు ఉంటాయి, వాటికి ఒక కిలోన్యూటన్ లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సర్) బిగించుకోవచ్చు. తెలిసినవాళ్ళ ద్వారా అలాంటిది దొరికింది, సాయంత్రం వాళ్ళ పని అయ్యాక మాకు ఇస్తామన్నారు. ఎముకలు పెడతామంటే కాస్త సంశయించారు కానీ, కింద ట్రే పెట్టి, పని అయ్యాక స్పిరిట్‌తో తుడిచి వెళ్తామని ఒప్పించాం. ఇలాంటి ప్రాజెక్టు తలపెట్టే పీజీలకు ఒక్కటే చెప్తాను, లోడ్ సెల్ ఎంతదో కనుక్కున్నాకే సినాప్సిస్‌లో (థీసిస్‌కు ముందు ఇచ్చే ప్రణాళికలో) మెషిన్ పేరు రాయండి.

జూన్, చివర

ఎముకలు. మనిషి దవడ ఆకారంలో పాలీయురెథేన్ మోడళ్ళు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, అన్నీ ఒకేలా ఉంటాయి, అది పెద్ద సుఖం. ధర చూశాక పొట్టేలు దవడలకు దిగాం. ఈ రకం ప్రయోగాలకు గొర్రె దవడలు చాలాచోట్ల వాడారు, కొత్త విషయమేమీ కాదు.

మటన్ షాపు నుంచి తల తెచ్చుకోవడమే కదా అనిపిస్తుంది కానీ రెండు చిక్కులున్నాయి. మన దగ్గర తలకాయ, కాళ్ళు అంటే మంట మీద కాల్చి ఇస్తారు. ఆ వేడికి దవడ కింది అంచు ఎముక పాడవుతుంది, పైకి ఏమీ తెలియదు. రెండోది, కూరకు అలవాటైన చెయ్యి కాబట్టి కత్తితో నిలువునా కొట్టేస్తాడు. కాల్చొద్దు, కొట్టొద్దు, దవడలు మాత్రం తీసి ఇవ్వు అని తమ్ముడు అడిగితే షాపతను "డాక్టరు గారూ, మరి తినేదేముంది అందులో" అన్నాడు. తర్వాత అతనే బాగా సాయం చేశాడు. పళ్ళు చూసి వయసు చెప్పగలడు, రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా అని. అన్నీ నాలుగు పళ్ళవే కావాలన్నాం. వయసు ఒకటే అయితే ఎముక మందం, గట్టితనం కొంతవరకైనా దగ్గరగా ఉంటాయి.

మాంసం కత్తితో గీకి తీయాల్సిందే, ఉడకబెట్టకూడదు. ఉడికితే ఎముకలోని కొల్లాజెన్ పాడై ఎముక పెళుసుబారుతుంది. గీకాక సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ చుట్టి, కవర్లో పెట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాం. టెస్ట్‌కు ముందు మెల్లగా కరగనివ్వాలి, బిగించేటప్పుడూ తడి ఆరనివ్వకూడదు. ఎండిన ఎముక ఎక్కువ గట్టిగా, ఎక్కువ పెళుసుగా ప్రవర్తిస్తుంది. వాడి కాలేజీలో ఫ్రీజర్ ఖాళీ అయ్యేదాకా కొన్ని మా ఇంటి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. అమ్మ ఆ వారం రోజులూ ఐస్ ముక్కల జోలికి పోలేదు.

మాకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. గొర్రెకు కింది దవడ రెండు సగాలూ మధ్యలో మనిషికిలా ఒకే ఎముకగా కలిసిపోవు, కత్తి పెట్టి విడదీస్తే విడిపోతాయి. అంటే ఒక తల నుంచి ఒక జత. కుడివైపు వరస, ఎడమవైపు ఎల్, తర్వాతి తలకు అటూ ఇటూ మార్చి. ఒకే జంతువు ఎముక కాబట్టి తేడా వస్తే అది అమరిక వల్లే వచ్చిందని కాస్త ధైర్యంగా చెప్పొచ్చు. స్టాటిస్టిక్స్ చూసే మేడమ్ ఇది విని సంతోషించారు, జతలను జతలుగానే పోల్చే పెయిర్డ్ టెస్ట్ వాడుకోవచ్చు కదా.

జూలై, మొదటి వారం

మెషిన్ ఎక్కేముందు కాగితం మీద లెక్క చేద్దామన్నాను. మెకానికల్, సివిల్ చదివినవాళ్ళు ఎవరైనా ఈ లెక్క గుర్తుపడతారు: గోడకు బోల్టులతో బిగించిన బ్రాకెట్, దాని చివర బరువు. ఎక్సెంట్రిక్ లోడ్, బోల్ట్ గ్రూప్. దవడ అచ్చం అదే. స్క్రూలున్నది వెనక, కొరికేది ముందు.

స్క్రూల గుంపు మధ్య నుంచి లోడ్ పడే చోటుకు 60 మి.మీ. అనుకుందాం, లోడ్ 50 న్యూటన్లు. మెలితిప్పే మొమెంట్ 3000 న్యూటన్ మి.మీ. మూడు స్క్రూలు వరసలో, ఒకదానికొకటి 8 మి.మీ. దూరంలో. మధ్య స్క్రూ గుంపుకు సరిగ్గా నడుమ ఉంది కాబట్టి ఆ మొమెంట్‌ను ఆపడంలో దాని పాత్ర సున్నా. రెండు చివరి స్క్రూలే మోస్తాయి. గుంపు మధ్య నుంచి స్క్రూల దూరాల వర్గాల మొత్తం 64, 64 కలిపి 128. చివరి స్క్రూ మీద మొమెంట్ వల్ల 187.5 న్యూటన్లు, నేరుగా పంచుకునే వాటా ఇంకో 17 దాకా, మొత్తం 204. పళ్ళ మీద 50 పెడితే ముందు స్క్రూ దగ్గర 204 అన్నమాట. తమ్ముడు ఇక్కడ ఆగి కాగితం తీసుకుని మళ్ళీ వేసుకున్నాడు.

ఇప్పుడు మధ్య స్క్రూను అక్కడినుంచి తీసి, వెనక స్క్రూకు 10 మి.మీ. కింద పెట్టాం. అంతే మార్పు. స్క్రూలు అవే మూడు, పైవరస పొడవు అదే 16 మి.మీ. దూరాల వర్గాల మొత్తం 128 నుంచి 237కు పోయింది. గుంపు మధ్యబిందువు కాస్త వెనక్కి జరగడం వల్ల లోడ్ చెయ్యి కొంచెం పొడవైంది, అదీ కలిపినా ముందు స్క్రూ మీద పడేది సుమారు 160 న్యూటన్లే. తిరుగుడు అయితే సగానికి దగ్గరగా తగ్గుతుంది.

ఇంకో విషయం ఈ లెక్కలో కనపడదు. మూడు స్క్రూలు ఒకే గీత మీద ఉంటే ఆ గీత చుట్టూ పలక మెలి తిరగడానికి అడ్డం లేదు, ఒక్కో స్క్రూ వంగకుండా నిలబడే శక్తి తప్ప. గీత నుంచి ఒక్క స్క్రూ పక్కకు జరిగితే చాలు, ఆ తలుపు మూసుకుంటుంది.

"మరి అందరూ ఎల్లే వేయొచ్చుగా" అని అడిగాను. వాడు చెప్పింది వింటే కాగితానికీ ఆపరేషన్ టేబుల్‌కీ మధ్య దూరం తెలిసింది. దవడ మధ్యలో నరం పోతుంది, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది. పై అంచు నరానికి పైన, నోటి లోంచి అందుతుంది. కింది స్క్రూ వేయాలంటే నరం కిందికి పోవాలి, అక్కడికి నోట్లోంచి డ్రిల్ నిటారుగా పెట్టడం కష్టం, చాలాసార్లు చెంప మీద చిన్న గాటు పెట్టి ట్రోకార్ (సన్నటి గొట్టం లాంటి పనిముట్టు) దూర్చి వేయాలి. ముఖం అందంగా ఉండాలని వచ్చిన పేషెంట్‌కు చెంప మీద గాటు, చిన్నదే అయినా. అందుకని చాలామంది సర్జన్లు పై అంచునే సర్దేస్తారు, లేదా ఒక ప్లేట్, దానికి తోడు ఒక బైకార్టికల్ స్క్రూ వేస్తారు, దాన్ని హైబ్రిడ్ అంటున్నారు.

జూలై, మూడో వారం

ఇవాళ ఇద్దరం బాగా వాదించుకున్నాం. మెకానికల్ వాళ్ళకు బోల్టు అంటే బిగింపు. ప్రీలోడ్ (బిగించినప్పుడే పడే నొక్కుడు) ఉంటే రెండు ప్లేట్ల మధ్య రాపిడే లోడ్ మోస్తుంది, బోల్టు మీద కోత పడదు. కాబట్టి లాగ్ స్క్రూ వేద్దామన్నాను, అంటే బయటి పలకలో రంధ్రం పెద్దది చేసి, లోపలి పలకలో మాత్రమే మరలు పట్టేలా. తిప్పేకొద్దీ రెండు పలకలూ నొక్కుకుంటాయి. స్పీసల్ మొదట వేసినవీ లాగ్ స్క్రూలే.

తమ్ముడు ససేమిరా అన్నాడు. రెండు పలకలూ ఎప్పుడూ సమంగా ఆనవు, ముఖ్యంగా దవడను ముందుకు తెచ్చినప్పుడు మధ్యలో సందు ఉంటుంది. ఆ సందును బలవంతంగా మూస్తే రెండు నష్టాలు. మధ్యలో చిక్కుకున్న నరం నలుగుతుంది. బయటి పలక లోపలికి గుంజుకుని, దాని వెనక చివర ఉన్న కీలు తల తన గుంతలో తిరిగిపోతుంది. ఆ తర్వాత కీలు నొప్పులు, కొన్నాళ్ళకు దవడ పాత చోటుకు జరగడం. అందుకే ఇప్పుడు పొజిషనల్ స్క్రూ, రెండు పలకల్లోనూ మరలు పడతాయి, ఉన్న సందు ఉన్నట్టే ఉంటుంది.

పైగా ఎముక ఇనుము కాదు. బిగించి వదిలేస్తే కాలం గడిచేకొద్దీ ఆ నొక్కుడు కొంత సడలిపోతుంది. అంటే ఇది రాపిడి మీద నిలిచే జాయింట్ కాదు, స్క్రూ ఒంటికీ రంధ్రం గోడకూ మధ్య ఆనుడు మీద నిలిచే జాయింట్. ఇలా ఒప్పుకున్నాక నా ఆలోచన మొత్తం మారింది. ప్రీలోడ్ లేని జాయింట్‌లో లెక్కకు వచ్చేవి రెండే: స్క్రూల మధ్య దూరం, రంధ్రం ఎంత బిగువుగా ఉంది.

స్క్రూ వంగుడు ఎంతో కూడా వేశాను. స్క్రూ లోపలి కాండం (మరలు వదిలేస్తే మిగిలేది) 1.4 మి.మీ., రెండు గట్టి పొరల మధ్య 4 మి.మీ. ఖాళీ, టైటానియం మాడ్యులస్ (వంగకుండా, సాగకుండా నిలిచే గుణానికి కొలత) 110 గిగాపాస్కల్స్, చివరి స్క్రూ మీద 200 న్యూటన్లు. వంగేది 0.05 మి.మీ. అంతే. అది పళ్ళ దగ్గరకు వచ్చేసరికి 60 బై 8, అంటే ఏడున్నర రెట్లు, 0.38 మి.మీ. రంధ్రంలో 0.1 మి.మీ. లూజు ఉంటే పళ్ళ దగ్గర 0.75. స్క్రూను 2.4కు పెంచితే, వ్యాసం నాలుగో ఘాతం కదా, వంగుడు సగమవుతుంది, లూజు మాత్రం లూజుగానే ఉంటుంది. కాబట్టి లావు స్క్రూకు పోయేముందు డ్రిల్ పట్టుకునే చెయ్యి చూసుకోవాలి అన్నాను. వాడికి ఆ మాట నచ్చలేదు.

ఆగస్టు, మొదట్లో

ఫిక్చర్ (టెస్టులో ఎముకను పట్టి ఉంచేది) తయారైంది. మా వర్క్‌షాపులో ఇనుప పెట్టె వెల్డ్ చేయించాం, దవడ వెనక భాగం అందులో నిలబెట్టి, వాడి డిపార్ట్‌మెంటు నుంచి తెచ్చిన కోల్డ్ క్యూర్ యాక్రిలిక్ పోశాం. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, తడిగుడ్డ చుట్టి. ముందు భాగం గాలిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, పైనుంచి గుండ్రటి మొన ఉన్న పిన్ను నొక్కుతుంది, నిమిషానికి ఒక మిల్లీమీటరు చొప్పున. గొర్రె ముందుపళ్ళు మామూలుగానే కదులుతూ ఉంటాయి, అక్కడ నొక్కితే కొలిచేది పన్ను కదలికే. పళ్ళు లేని ఖాళీ మీద చిన్న యాక్రిలిక్ కప్పు కట్టి అక్కడ నొక్కుతున్నాం. స్క్రూలు పళ్ళ వేర్లలో దిగకుండా చివరి మోలార్ వెనక వేస్తున్నాం, వేరులో దిగిన స్క్రూ ఎముక సంగతి చెప్పదు.

ఎముక పెట్టకముందు అదే పెట్టెలో ఒక లావు స్టీలు కడ్డీ పెట్టి నొక్కాం. కడ్డీ వంగేది లెక్కకట్టి తీసేశాక మిగిలింది పెట్టె, మెషిన్, నట్లు కలిసి ఇచ్చే కదలిక. ఆ గ్రాఫ్ ప్రతి రీడింగ్ లోంచీ తీసేయాలి. తర్వాత కోయని దవడ ఒకటి, అదీ పోలికకు. అసలు కావలసింది కోత దగ్గర రెండు ముక్కలూ ఎంత ఎడమయ్యాయన్నది కాబట్టి, కోతకు అటూ ఇటూ ఇంకుతో చుక్కలు పెట్టి, స్టాండుకు ఫోన్ బిగించి వీడియో తీస్తున్నాం. పక్కన స్కేలు ముక్క కనపడేలా. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చుక్కల దూరం కొలుచుకోవచ్చు. డయల్ గేజ్ కొనే డబ్బు మిగిలింది.

ఆగస్టు, మధ్యలో

డ్రిల్లింగ్. 2.0 స్క్రూకు 1.5 పైలట్, అంటే స్క్రూకు ముందు వేసే సన్న రంధ్రం. చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే బిట్ కొద్దిగా ఊగుతుంది, బయటి పొరలో రంధ్రం గరాటులా వెడల్పవుతుంది, లోపలి పొరలో మాత్రం సరిగ్గా ఉంటుంది. పైనుంచి చూస్తే తెలియదు, స్క్రూ కూడా గట్టిగానే దిగినట్టు ఉంటుంది. అందుకని నేను లేత్ మీద ఒక గైడ్ బుష్ తిప్పించాను, బిట్ అందులోంచే పోతుంది. ఆపరేషన్‌లో ట్రోకార్ చేసే పని కూడా కొంతవరకు ఇదే. నోట్లోంచి ఏటవాలుగా వేసే స్క్రూ వేరే కథ, దాన్ని 60 డిగ్రీల కోణంలో వేయడానికి ఇంకో బుష్ చేయించాం, అది రెండో విడతలో.

సెలైన్ పోస్తూనే డ్రిల్ చేశాం. బతికున్న ఎముక అయితే 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలితే దెబ్బతింటుంది, అలాంటి చోట కొన్ని వారాలకు స్క్రూ వదులైపోయే ప్రమాదం ఉంది. మాది చచ్చిన ఎముక, ఆ బాధ లేదు, కానీ చేయి అలవాటు తప్పకూడదని వాడి పట్టుదల.

దవడను 5 మి.మీ. ముందుకు జరిపి బిగిస్తున్నాం. ప్రతిసారీ ఒకే కొలత రావడానికి 5 మి.మీ. స్టీలు పట్టీ ఒకటి కోత సందులో పెట్టి, స్క్రూలు పడ్డాక తీసేస్తున్నాం. స్క్రూల స్థానాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద టెంప్లేట్.

ఆగస్టు, చివర

టెస్టులు మొదలయ్యాయి. అంకెలు వాడి థీసిస్‌వి, అది సబ్మిట్ అయ్యేదాకా ఇక్కడ పెట్టను. పోకడ మాత్రం చెప్తాను: జతలో ఎల్ వైపు గ్రాఫ్ వరస వైపు కంటే నిటారుగా లేస్తోంది, కాగితం లెక్క చెప్పిన దిక్కులోనే, అయితే లెక్క చెప్పినంత తేడా రావడం లేదు. దానికి కారణం ఉంది. బోల్ట్ గ్రూప్ లెక్కలో ప్లేట్లు వంగవు అనుకుంటాం, ఇక్కడ బయటి పలకే స్ప్రింగులా వంగుతోంది, వీడియోలో కళ్ళకు కనపడుతుంది.

ఒక్క స్క్రూ కూడా విరగలేదు. విప్పి చూస్తే స్క్రూలు నిటారుగానే ఉన్నాయి, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయి, అదీ ముందు స్క్రూది ఎక్కువగా, బయటి పొరలో. వరస అమరికలో కొన్నిటికి ముందు రంధ్రం నుంచి అంచు దాకా పగులు వచ్చింది. మధ్య స్క్రూ రంధ్రం చూస్తే దానికేమీ పట్టనట్టే ఉంది, తమ్ముడు దాన్ని ఫొటో తీసుకుని తన థీసిస్ గైడ్‌కు పంపాడు.

అంచుకు ఎంత దగ్గరగా స్క్రూ వేస్తే అంత ప్రమాదం అని ఇంజనీరింగ్‌లో రివెట్ల దగ్గర చదువుతాం, అంచు నుంచి కనీసం వ్యాసానికి ఒకటిన్నర రెట్ల దూరం అని. అది స్టీలు ప్లేట్ల మాట, ఎముకకు అలాగే పట్టుకొచ్చేయలేం. కానీ పగిలిన ముక్కలన్నిటిలోనూ స్క్రూ అంచుకు దగ్గరగానే ఉంది. టెంప్లేట్‌లో పై స్క్రూలను కొద్దిగా కిందికి దించమన్నాను. అప్పుడు నరం దగ్గరవుతుందని వాడు. ప్రస్తుతానికి పాత టెంప్లేట్‌తోనే ఈ విడత పూర్తి చేస్తున్నాం, మధ్యలో మారిస్తే జతలు పోతాయి.

సెప్టెంబర్, మొదటి వారం

వాడి సీనియర్ ఒకరు పుల్ అవుట్ టెస్ట్ కూడా చేయమన్నారట, స్క్రూను నిటారుగా పైకి పీకి ఎంత బలానికి ఊడుతుందో చూడటం. చేయడం తేలిక, గ్రాఫ్ అందంగా వస్తుంది, పేపర్లలో బాగుంటుంది. కానీ దవడలో ఈ స్క్రూల మీద పడేది ప్రధానంగా అడ్డంగా, స్క్రూ పొడవుకు లంబంగా. పైకి పీకే బలం తెలుసుకుని ఏం చేస్తాం? వద్దన్నాను. గైడ్ ఏమంటారో చూడాలి.

ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (ఎముకను కంప్యూటర్‌లో చిన్న ముక్కలుగా చేసి లెక్కకట్టేది) గురించి కూడా అడుగుతున్నారు. చేశాను ఒకటి, సీటీ స్కాన్ నుంచి. గట్టి పొరకు మాడ్యులస్ 13.7 గిగాపాస్కల్స్, అందరూ వాడేదే. స్క్రూకూ ఎముకకూ మధ్య బాండెడ్ కాంటాక్ట్ పెడితే, అంటే రెండూ అతికిపోయినట్టు, మోడల్ మా టెస్టు కంటే బాగా గట్టిగా వస్తోంది. రంధ్రం సాగడమే అసలు సంగతి అయినప్పుడు దాన్ని అతికించేసిన మోడల్‌తో ఏం తెలుస్తుంది. కాంటాక్ట్ మార్చి, రాపిడి పెట్టి, మళ్ళీ నడపాలి, నా లాప్‌టాప్ ఓపిక పట్టాలి.

సెప్టెంబర్, మూడో వారం

హైబ్రిడ్ విడతకు ఎముకలు సిద్ధంగా ఉన్నాయి. నాలుగు రంధ్రాల ప్లేట్, వెనక ఒక బైకార్టికల్ స్క్రూ.

నన్ను ఇంకా తొలుస్తున్నది వేరే. ఒకసారి నొక్కి చూడటం పేషెంట్ రోజూ చేసే పని కాదు. మింగడం, మాట్లాడటం, మెత్తటి తిండి నమలడం, చిన్న చిన్న లోడ్లు వేలసార్లు. రంధ్రం సాగేది అలాంటి వాటితోనే ఎక్కువ. సెకనుకు ఒకసారి చొప్పున లక్షసార్లు అంటే ఒక్కో ఎముకకు 27 గంటలు దాటుతుంది, అంతసేపు ఎముకను తడిగా ఉంచాలి, మెషిన్ ఇచ్చినవాళ్ళు ఒప్పుకోరు. అందుకని మా వర్క్‌షాపులో పాత గేర్ మోటారుకు క్యామ్ (తిరుగుతూ నెట్టే వంకర చక్రం) బిగించి, స్ప్రింగు ద్వారా 50 న్యూటన్ల దాకా నొక్కే ఏర్పాటు గీస్తున్నాను, పైనుంచి సెలైన్ బాటిల్ చుక్కలు. లోడ్ ఎంతో తెలియడానికి స్ప్రింగు ముందే క్యాలిబ్రేట్ చేసి పెట్టాలి. లెక్కించడానికి పాత ట్యాలీ కౌంటర్ ఒకటి ఉంది. క్యామ్ లిఫ్ట్ 3 మి.మీ. చాలనుకుంటున్నాను, తమ్ముడు 5 అంటున్నాడు. రంధ్రం సాగి ముందు భాగం కిందికి దిగేకొద్దీ స్ప్రింగు నొక్కుడు తగ్గిపోతుంది కాబట్టి పొడవైన, మెత్తటి స్ప్రింగు వెతకాలి. దసరా సెలవుల్లో లేత్ ఖాళీగా ఉంటుంది, క్యామ్ అప్పుడే.